మనుషులు ఎక్కకముందే తప్పులు బయటపడాలి: అంతరిక్ష కేంద్రాలకు కక్ష్యలో తొలి పరీక్షలు

2008 నవంబరులో ఎండీవర్ షటిల్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి (ఐఎస్‌ఎస్‌కి) ఒక యంత్రాన్ని మోసుకెళ్లింది. వ్యోమగాముల మూత్రాన్ని ఆవిరి చేసి, చల్లార్చి, తాగునీటికి పనికొచ్చేలా మార్చడం దాని పని. మూత్రంలో ఉన్న నీటిలో నూటికి 85 పాళ్లు వెనక్కి రావాలన్నది లెక్క. నేల మీద చేసిన పరీక్షల్లో ఆ లెక్క కుదిరింది. పైకి వెళ్లి ఏడాది తిరిగేసరికి, ఆవిరి చేసే డ్రమ్ము గట్టి మడ్డితో పూడుకుపోయి మూలపడింది. ఆ మడ్డి కాల్షియం సల్ఫేట్. మన రైతులు వేరుశనగ చేలకు చల్లే జిప్సం అదే.

అది ఎక్కడి నుంచి వచ్చిందంటే, వ్యోమగాముల ఎముకల్లోంచి. బరువు మోసే పని లేకపోయేసరికి ఎముకలు కాల్షియాన్ని వదిలేస్తాయి. అది రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. మూత్రం పాడవకుండా కలిపే మందులో అప్పట్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉండేది. కాల్షియం ఒకవైపు నుంచి, సల్ఫేటు మరోవైపు నుంచి వచ్చి డ్రమ్ములో కలిశాయి. నీరు ఆవిరైపోయేకొద్దీ మిగిలిన ద్రవం చిక్కబడింది, జిప్సం పేరుకుంది. తాత్కాలికంగా చేయగలిగింది ఒక్కటే: మరీ చిక్కబడకముందే ఆపేయడం. దాంతో 85 శాతం కాస్తా 70 శాతం దగ్గరికి దిగింది. కొన్నేళ్ల తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం స్థానంలో ఫాస్ఫారిక్ ఆమ్లం వాడడం మొదలుపెట్టాక గానీ పాత లెక్క తిరిగి రాలేదు. మిగిలిపోయిన చిక్కటి ద్రవం నుంచి కూడా నీరు పిండే మరో యంత్రం తోడయ్యాక, 2023లో మొత్తం నీటి పునర్వినియోగం 98 శాతానికి చేరింది.

నేల మీది పరీక్షలో దొంగలెక్కలేమీ లేవు. అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే ఇచ్చింది. కాకపోతే ఆ పరీక్షకు మూత్రం ఇచ్చినవాళ్లు భూమ్మీద నడుస్తున్న మనుషులు. అంతరిక్ష కేంద్రం కట్టేవాళ్లను భయపెట్టేది ఈ కోవకు చెందిన లోపాలే. విడిభాగం మంచిదే, లెక్క మంచిదే, అయినా కక్ష్యలోకి వెళ్లాకే పుట్టుకొచ్చే లోపం. దాన్ని గీత గీస్తున్న దశలో కనిపెడితే పెన్సిల్‌తో దిద్దుకోవచ్చు. లోహం కోశాక అయితే కోట్లతో దిద్దుకోవాలి. మనుషులు లోపల ఉన్నాక బయటపడితే, దాన్ని దిద్దడానికి ప్రాణాలు ఒడ్డాల్సి రావచ్చు. అందుకే కేంద్రం మొత్తం తయారయ్యేదాకా ఆగకుండా, అందులో అనుమానం ఉన్న ముక్కల్ని చిన్న రూపంలో ముందే పైకి పంపి చూస్తారు.

నేల మీద ఏది తేలదు

నేల మీద అంతరిక్షాన్ని ముక్కలు ముక్కలుగా సృష్టించవచ్చు. గాలి తీసేసిన పెద్ద గదిలో వేడీ చలీ మార్చి మార్చి పెట్టి చూడవచ్చు. నున్నటి గ్రానైటు బల్ల మీద గాలి పొర ఊది, దాని మీద రెండు నమూనాలను ఘర్షణ లేకుండా జరపవచ్చు. ఎగిరి దూకే విమానంలో ఒక్కో దూకుడుకి 20 నుంచి 25 సెకన్ల భారరహిత స్థితి దొరుకుతుంది. ఈతకొలనులో మునిగి నడక నేర్చుకోవచ్చు, కానీ నీరు ప్రతి కదలికనూ అడ్డుకుంటుంది. గాలిబల్ల మీద వస్తువు అటూ ఇటూ జరగగలదు, ఒక ఇరుసు చుట్టూ తిరగగలదు. పైకీ కిందికీ పోలేదు, మిగతా రెండు ఇరుసుల చుట్టూ తిరగలేదు. ఏ ఉపాయం తీసుకున్నా ఒకటి ఇచ్చి రెండు దాచుకుంటుంది.

కక్ష్యలో అన్నీ ఒక్కసారే మీద పడతాయి. కేంద్రం దాదాపు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది. అంటే రోజుకు సుమారు 16 పగళ్లు, 16 రాత్రులు. ఎండ పడిన వైపు ఉపరితలం 120 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే, నీడలోకి వెళ్లగానే సున్నాకి 150 డిగ్రీలు కిందికి దిగిపోగలదు. ఏడాదికి 5,800 సార్లకు పైగా ఆ సాగడం, ముడుచుకోవడం జరగాలి. నేల మీది గదిలో అన్ని సార్లు తిప్పి చూసే ఓపిక, డబ్బు ఎవరికీ ఉండవు.

అలాగని అన్నిటినీ పైకి పంపక్కర్లేదు. గోడలు ఎంత ఒత్తిడికి ఆగుతాయి, అతుకుల్లోంచి గాలి కారుతుందా, రాకెట్ కుదుపుకి నట్లు వదులవుతాయా, ఇవన్నీ నేల మీదే తేల్చుకోవచ్చు, తేల్చుకోవాలి కూడా. పైకి పంపాల్సినవి నాలుగే నాలుగు రకాలు: రెండు వాహనాలు ఒకదాన్నొకటి తాకేవి, మడత విప్పుకునేవి, ద్రవాలూ వాయువులూ పారేవి, నెలల తరబడి అరిగేవి. మనుషుల శరీరం ఈ నాలుగింటిలోనూ తలదూరుస్తుంది. జిప్సం కథ అదే చెప్పింది.

డాకింగ్: మిల్లీమీటర్ల లెక్క

వీటిలో మొదట వచ్చేది డాకింగ్, అంటే రెండు వాహనాలు కక్ష్యలో ఒకదానికొకటి అతుక్కోవడం. అది లేకుండా కేంద్రానికి రెండో ముక్క అతకదు, సిబ్బంది లోపలికి రాలేరు. ఇస్రో దీన్ని ముందే పరీక్షకు పెట్టింది. 2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 మీద స్పేడెక్స్ అనే జంట ఉపగ్రహాలు బయల్దేరాయి. ఒక్కోటి 220 కిలోలు, 475 కిలోమీటర్ల ఎత్తున వృత్తాకార కక్ష్య. ఒకటి వెంబడించేది, రెండోది లక్ష్యం. రెండింటికీ ఒకేరకం డాకింగ్ రింగు, వ్యాసం 450 మిల్లీమీటర్లు. పాత సోవియట్ పద్ధతిలో ఒకవైపు పొడుచుకొచ్చే కడ్డీ, ఇంకోవైపు దాన్ని పట్టే గరాటు ఉంటాయి. ఏది ఏ పాత్ర పోషించాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఇక్కడ ఆ తేడా లేదు, ఏ వాహనమైనా ఏ వాహనానికైనా అతకగలదు. అంతర్జాతీయ ప్రమాణంలోని ఆరు కాళ్ల అమరికకు 24 మోటార్లు కావాలి. ఇస్రో రెండింటితో సరిపెట్టింది. మోటారు తగ్గితే చెడిపోయేది తగ్గుతుంది. కానీ వాహనం కాస్త వంకరగా వస్తే సర్దుకునే వెసులుబాటు కూడా తగ్గుతుంది. అంటే ఆ నేర్పు అంతా వాహనాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. పరీక్షించాల్సిన అసలు ప్రశ్న అక్కడుంది.

దగ్గరికి రావడం మెట్లు మెట్లుగా ఉంటుంది: 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు, కిలోమీటరున్నర, 500 మీటర్లు, 225, 15, చివరికి 3 మీటర్లు. దూరంగా ఉన్నప్పుడు ఉపగ్రహ స్థాననిర్ణయ సంకేతాల్ని రెండూ తమలో తాము పంచుకుని, ఎదుటిది ఎంత దూరంలో ఎంత వేగంతో ఉందో లెక్కగడతాయి. దగ్గరయ్యేకొద్దీ లేజర్ దూరమాపకం, ఆ తర్వాత కెమెరా తరహా సెన్సర్లు పగ్గాలు అందుకుంటాయి. ఒక సెన్సర్ నుంచి మరోదానికి పగ్గాలు మారే ఆ క్షణాలే ప్రమాదకరం. రెండింటి లెక్క ఒకటి కాకపోతే దేన్ని నమ్మాలో కంప్యూటర్‌కి ముందే నేర్పి ఉండాలి. తాకే వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లు, అంటే చీమ నడక.

మొదట అనుకున్న తేదీ 2025 జనవరి 7. ఆగిపోవాల్సిన పరిస్థితి ఒకటి ముందురోజు తట్టడంతో నేల మీద మరోసారి సరిచూడాలని 9కి మార్చారు. 8న 225 మీటర్లకు తీసుకురాబోతుంటే, భూమికి కనబడని ఘట్టం దాటి వచ్చేసరికి రెండింటి మధ్య జరుగుడు అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉంది. మళ్లీ వాయిదా. 12న 15 మీటర్లకు, అక్కడి నుంచి 3 మీటర్లకు వచ్చి, తాకకుండా వెనక్కి వెళ్లిపోయాయి. 16న అతుక్కున్నాయి: పట్టుకోవడం, దగ్గరకు లాక్కోవడం, బిగించడం. అప్పట్లో మన టీవీ చానళ్లు వాయిదా పడ్డ ప్రతిసారీ ఉత్కంఠ సంగీతం వేశాయి. ఆ వాయిదాలే అసలు ఫలితాలు. 12వ తేదీన 3 మీటర్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లడం సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు, అతకడం కన్నా విలువైన పాఠం అది. మనుషులున్న కేంద్రం దగ్గర అనుమానం వచ్చినప్పుడు క్షేమంగా వెనక్కి తగ్గగలమని చూపించాకే ఎవరైనా దగ్గరికి రానిస్తారు.

మార్చి 13న విడదీసి, ఏప్రిల్ 20న రెండోసారి కలిపారు. మొదటిసారి 3 మీటర్ల దగ్గర ఆగి చూసుకుని ముందుకు కదిలారు. రెండోసారి 15 మీటర్ల నుంచి తాకేదాకా అంతా సాఫ్ట్‌వేరే నడిపించింది. ఆ తర్వాత ఒక ఉపగ్రహం కరెంటుతో ఇంకోదాంట్లో హీటరు వెలిగించి, ఎదురు దిశలోనూ అదే చేసి చూశారు. నాలుగు నిమిషాల పని. చిన్నదే, కానీ రేపు కొత్తగా వచ్చి అతికిన మాడ్యూల్ (కేంద్రంలో ఒక భాగం) సౌరఫలకాలు విప్పుకునేదాకా బతకాల్సింది ఆ కరెంటు తీగ మీదే.

ఐరోపా వాళ్లు 20 టన్నుల సరుకు నౌక జూల్స్ వెర్న్‌తో ఇదే మర్యాద పాటించారు. 2008 మార్చి 9న ఎగిరిన నౌక ముందు ప్రమాదం తప్పించుకునే విన్యాసం చేసి చూపింది. 29న 3.5 కిలోమీటర్లకు, 31న 11 మీటర్లకు వచ్చి వెనక్కి మళ్లింది. ఏప్రిల్ 3న గానీ ఐఎస్‌ఎస్‌ను తాకలేదు. అంతకు దశాబ్దం ముందు జపాన్ వాళ్లు ఈటీఎస్-7 పేరిట ఒక జంటను పంపారు. ఏడాదికోసారి కలుసుకునే ప్రేమికుల నక్షత్రాల పేర్లు పెట్టి, ఆ ప్రేమికుల పండుగ రోజైన 1998 జులై 7నే కలిపారు. ఆగస్టులో రెండోసారి కలపబోతే థ్రస్టర్లు (నౌకను అటూ ఇటూ జరిపే చిన్న ఇంజన్లు) మొరాయించాయి. ప్రయత్నాలు పదే పదే ఆగిపోయి, చివరికి 27న గానీ అతుక్కోలేదు. పండుగనాటి డాకింగ్ కన్నా ఆ ఆగస్టు కష్టాలే వాళ్లకు ఎక్కువ నేర్పాయనుకోవాలి. 2009లో వాళ్ల సరుకు నౌక మొదటి ప్రయాణంలోనే ఐఎస్‌ఎస్ దగ్గరికి చేరింది.

పెట్టెలో పట్టుచీర

రాకెట్ ముక్కులో పట్టాలంటే సౌరఫలకాలు, రేడియేటర్లు, ఇప్పుడిప్పుడు గదులు కూడా మడతపెట్టాలి. పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న పట్టుచీర మడతల దగ్గర అతుక్కుపోయినట్టే ఇవీ అతుక్కుపోతాయి. నేల మీద విప్పి చూడడం కష్టం. 30 మీటర్ల పల్చటి రెక్క తన బరువుకే వంగిపోతుంది కాబట్టి పైనుంచి తాళ్లతో వేలాడదీయాలి. అప్పుడు తాళ్లు చేసే సాయాన్ని ఫలితంలోంచి తీసేయడం ఎలా?

నాసా 1984లోనే డిస్కవరీ షటిల్ సరుకు అరలోంచి 31 మీటర్ల సౌరఫలకాన్ని విప్పి, ముడిచి చూసింది. కానీ రోజుల మడత వేరు, నెలల మడత వేరు. 2000 డిసెంబరులో ఐఎస్‌ఎస్ మొదటి పెద్ద రెక్క విప్పుతుంటే పలకలు ఒకదానికొకటి అంటుకుని, ఒక్కసారిగా ఊడి, బిగువు తీగలు చక్రాల మీంచి జారిపోయాయి. వ్యోమగాములు బయటికెళ్లి సర్దాల్సి వచ్చింది. రెండో రెక్కను ఆగి ఆగి, నెమ్మదిగా విప్పారు. 2006లో తర్వాతి జంట రెక్కలొచ్చేసరికి అది పద్ధతిగా స్థిరపడింది. సగం దాకా విప్పి, ఎండలో కాసేపు వేడెక్కనిచ్చి, మిగతా సగం విప్పడం.

బట్టతో చేసిన గది బీమ్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. దాదాపు 1,400 కిలోలు, ఊదితే 16 ఘనపు మీటర్లు. 2016 ఏప్రిల్‌లో ఐఎస్‌ఎస్‌కి చేరింది. మే 26న గాలి ఊదడం మొదలుపెడితే లోపల ఒత్తిడి పెరుగుతోంది గానీ గది సాగడం లేదు. ఇక్కడే పరీక్ష రాసుకున్న తీరు అక్కరకొచ్చింది. ఎంత ఒత్తిడికి ఎంత పొడవు రావాలో ముందే అంకెలు వేసుకున్నారు. అంకె తప్పగానే ఆపేశారు. ఇంకాస్త ఊదితే వస్తుందిలే అనుకుని ఉంటే ఒక్కసారిగా విచ్చుకుని కేంద్రాన్ని కుదిపేసేది. కారణం: రాకెట్ ఆలస్యాల వల్ల అది అనుకున్నదానికన్నా నెలల తరబడి ఎక్కువగా మడతలో ఉండిపోయింది, బట్ట పొరల మధ్య రాపిడి పెరిగింది. లోపలి గాలి తీసేసి, బట్ట కాస్త వదులవనిచ్చి, 28న మళ్లీ మొదలెట్టారు. జెఫ్ విలియమ్స్ ఏడు గంటలకు పైగా కూర్చుని వాల్వును 25 సార్లు తెరిచి మూశాడు. తెరిచి ఉంచిన సమయమంతా కలిపితే 2 నిమిషాల 27 సెకన్లు. ఆ రోజు గది విచ్చుకుంది. రెండేళ్ల కోసమని పంపిన ఆ గది ఆ తర్వాత సామాన్ల గదిగా కొనసాగింది.

2017 జూన్‌లో చుట్టగా చుట్టిన సౌరఫలకం రోసాది మరో రకం ఫలితం. ఐఎస్‌ఎస్ రోబో చేతికి తగిలించి విప్పితే చక్కగా విచ్చుకుంది. వారం తర్వాత తిరిగి చుట్టబోతే గొళ్లెం పడలేదు. బతిమాలి చూసి, చివరికి 26న అంతరిక్షంలోకి వదిలేశారు. పైకి చూస్తే వైఫల్యమే. కానీ అసలు అవసరం విప్పడమే, చుట్టడం కాదు. విప్పడం గురించి కావాల్సిన సమాచారం అంతా చేతికి వచ్చింది. అదే తరహా పెద్ద ఫలకాల్ని 2021 నుంచి ఐఎస్‌ఎస్‌కి బిగిస్తూ వచ్చారు. పరీక్షకు ముందే దేన్ని ఫలితం అనాలో తేల్చుకోకపోతే, ఆ గొళ్లెం పడకపోవడమే పత్రికల్లో మిగిలేది.

ఇవేవీ లేకుండా నేరుగా కేంద్రాన్నే పంపితే ఏమవుతుందో అమెరికా తొలి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ చూపించింది. 1973 మే 14న ఎగిరిన 63 సెకన్లకే ఉల్కాకణాల నుంచి కాపాడాల్సిన పల్చటి అల్యూమినియం కవచం గాలి తాకిడికి ఊడిపోయింది. పోతూ పోతూ ఒక సౌరరెక్క కట్లు తెంపింది, ఇంకోదాన్ని తన ముక్కతో బంధించింది. కవచం కేంద్రం గోడకు అతుక్కునే ఉంటుందని ఏళ్ల తరబడి అందరూ నమ్మారు. దాని కిందికి గాలి దూరితే ఏమిటన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. లోపలి వేడి 50 డిగ్రీలు దాటింది. మొదటి సిబ్బంది గొడుగు లాంటి నీడ పరిచి, ఇరుక్కున్న రెక్కను కోసి విడిపించి దాన్ని బతికించారు. అక్కడ గెలిచింది వ్యోమగాముల సాహసం. అది ప్రణాళికలో రాసుకోదగ్గ వనరు కాదు.

చైనా మెట్లు

మెట్లు లెక్కపెట్టుకుని ఎక్కినవాళ్లు చైనా వాళ్లు. 2011 సెప్టెంబరు 29న ఎనిమిదిన్నర టన్నుల తియాంగాంగ్-1ని పంపారు. పేరుకు కేంద్రం, పనికి డాకింగ్ లక్ష్యం. నవంబరులో మనుషులు లేని షెన్‌జౌ-8 నౌక వచ్చి అతికింది. మొదటిసారి భూమి నీడలో, పదిరోజుల తర్వాత విడిపోయి ఈసారి ఎండలో. ఎండ నేరుగా కెమెరా కంట్లో పడితే సెన్సర్ గుడ్డిదవుతుందా అన్నది నేల మీద తేలని ప్రశ్న. మరుసటేడు జూన్‌లో ముగ్గురు మనుషులతో షెన్‌జౌ-9 వచ్చింది. అప్పుడు చేత్తో నడిపి కూడా చూశారు.

2016లో తియాంగాంగ్-2. దీని మీద ప్రశ్నలు మారాయి: 30 రోజులు ఇద్దరు మనుషులు ఉండగలరా, ఇంధనం పోయడం వీలవుతుందా? 2017లో తియాన్‌జౌ-1 సరుకు నౌక దానికి మూడుసార్లు ఇంధనం ఎక్కించింది. భారం లేనిచోట ట్యాంకులో ద్రవం అడుగున ఉండదు, గ్యాస్ బుడగలతో కలిసి ఎక్కడంటే అక్కడ తేలుతుంది. గొట్టంలోకి ద్రవంతో పాటు గ్యాస్ వెళ్తే ఇంజను తడబడుతుంది. అందుకే ద్రవాన్నీ గ్యాస్‌నీ వేరుచేసే సాగే పొరలుండాలి, ముందు గ్యాస్ ఒత్తిడి తగ్గించాలి, తర్వాత ద్రవం తోయాలి, చివరికి గొట్టంలో మిగిలింది ఊదేయాలి. 22 టన్నుల పైచిలుకు తియాన్‌హె మాడ్యూల్ 2021 ఏప్రిల్ 29న ఎగిరేసరికి ఈ పనులన్నీ వాళ్లకు చేయి తిరిగినవే.

పరీక్ష కేంద్రాన్ని చివరికి ఎలా దింపుతారన్నది కూడా పరీక్షే. తియాంగాంగ్-1తో సంబంధాలు తెగిపోయి, 2018 ఏప్రిల్ 2న అదుపు లేకుండా దక్షిణ పసిఫిక్ మీద కాలిపోయింది. తియాంగాంగ్-2ని 2019 జులైలో అనుకున్నచోట, అనుకున్నప్పుడు దింపారు.

చవకలో ప్రయోగశాల

ఇస్రోకి ఇంకో దారి దొరికింది. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ, ఉపగ్రహాల్ని వదిలాక ఉత్త చెత్త. దానికి సౌరఫలకాలు, బ్యాటరీ, దిశ నిలిపే ఏర్పాటు చేర్చి పోయెమ్ అని పేరు పెట్టి వేదికగా మార్చారు. 2024 జనవరి 1న వెళ్లిన పోయెమ్-3 మీద హైడ్రోజన్, ఆక్సిజన్లతో కరెంటు పుట్టించే ఇంధన ఘటాన్ని 350 కిలోమీటర్ల ఎత్తున నడిపి, 180 వాట్లు రాబట్టారు. దీని పొగ వట్టి నీరే కావడం కేంద్రానికి అదనపు లాభం. స్పేడెక్స్‌తో పాటు వెళ్లిన పోయెమ్-4 మీద 24 పరికరాలున్నాయి. అందులో ఒకటి వేదిక మీద పట్టుకుని పట్టుకుని నడవగల రోబో చేయి. ఇంకోదాంట్లో ఎనిమిది అలసంద గింజలు. నాలుగో రోజుకి మొలకెత్తాయి. అలసందలు అంతరిక్షానికి వెళ్లాయంటే మన ఊళ్లలో నవ్వారు గానీ, మూసిన డబ్బాలో ఆక్సిజన్, తేమ, వేడి అదుపు చేయడం చిన్న రూపంలో ఉన్న ప్రాణాధార వ్యవస్థే.

ఈ వేదికకు హద్దులున్నాయి. ఆయుష్షు కొన్ని నెలలే. పోయెమ్-4 ఏప్రిల్ 4కల్లా వాతావరణంలోకి దిగిపోయింది. నెలల తరబడి అరిగే భాగాల గురించి అది చెప్పలేదు. ఐఎస్‌ఎస్ సౌరరెక్కల్ని తిప్పే పది అడుగుల కీలు 2007లో లోహపు పొడి రాల్చడం మొదలెట్టింది. బిగించిన కొన్ని నెలల తర్వాత. రోలర్ల మీది పల్చటి బంగారు పూతే కందెనగా పనిచేయాలి, అది నిలవలేదు. 2008లో వ్యోమగాములు బయటికెళ్లి ఆ పొడి తుడిచి, గ్రీజు పూసి, 12 బేరింగుల్లో 11 మార్చారు. ఇలాంటివి కొద్ది వారాల పరీక్షకు దొరకవు.

ప్రైవేటు రంగం ఇదే దారి పట్టింది. వాస్ట్ సంస్థ తన హేవెన్-1 కేంద్రానికి ముందు, 2025 నవంబరు 2న అర టన్ను హేవెన్ డెమోని పంపింది. అందులో మనుషుల గది లేదు. కంప్యూటర్లు, చోదక వ్యవస్థ, దిశానియంత్రణ సాఫ్ట్‌వేర్ లాంటివి మాత్రమే. చాలామంది మర్చిపోయే సూత్రం ఇక్కడుంది: పరీక్షలో వాడిన భాగం, అసలు కేంద్రంలో వాడబోయే భాగం ఒకే నమూనావి అయి ఉండాలి. మధ్యలో పంపో వాల్వో మార్చేస్తే పాత పరీక్ష పత్రం కొత్తదానికి హామీ ఇవ్వదు.

పరీక్షే బెడిసికొడితే

2005 ఏప్రిల్‌లో నాసా డార్ట్ అనే చిన్న నౌకను, ఒక పాత ఉపగ్రహం దగ్గరికి తనంతట తాను వెళ్లమని పంపింది. వేగం అంచనాలో తప్పు దొర్లి, అవసరం లేని సర్దుబాట్లు చేస్తూ ఇంధనం తగలేసుకుంది. 24 గంటల పని 11 గంటలకే ముగిసింది. ఈలోగా లక్ష్యాన్ని గుద్దేసింది కూడా. ఎవరూ లోపల లేరు కాబట్టి నష్టం డబ్బు, పరువు.

1997 జూన్ 25న రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌లో మనుషులున్నారు. అక్కడ జరిగిందీ పరీక్షే: ప్రోగ్రెస్ సరుకు నౌకను మామూలు రాడార్ సాయం లేకుండా టీవీ తెర చూస్తూ చేత్తో తీసుకురావడం. వేగం అదుపు తప్పి నౌక స్పెక్టర్ మాడ్యూల్‌ను గుద్దింది, గాలి కారడం మొదలైంది. స్పెక్టర్ తలుపు మూద్దామంటే గుమ్మంలోంచి తీగలు పోతున్నాయి. వాటిని తెంపాకే తలుపు పడింది. ఆ తర్వాత ఐఎస్‌ఎస్‌లో గుమ్మాలు దాటే తీగలకు చేత్తో లాగితే ఊడే కనెక్టర్లు పెట్టుకున్నారు. అప్పటికి మీర్‌లో అమెరికా వ్యోమగాములు కూడా ఉంటున్నారు. షటిల్–మీర్ కార్యక్రమానికి నాసా పెట్టుకున్న పేరు ఐఎస్‌ఎస్ ‘మొదటి దశ’. ఇంకొకరి ఇంట్లో ఉండి నేర్చుకున్న పాఠమది, ఖరీదు మాత్రం దాదాపు ప్రాణాలదాకా వచ్చింది.

ఈ రెండింటి మధ్య తేడా నుంచి తేలే నియమం సూటిగా ఉంది. కొత్త పద్ధతిని ఖాళీ లక్ష్యం మీద నేర్చుకోవాలి, మనుషులున్న గోడ మీద కాదు. 2021 జులై 29న ‘నౌకా’ అనే రష్యా మాడ్యూల్ ఐఎస్‌ఎస్‌కి అతికిన మూడు గంటలకు, సాఫ్ట్‌వేర్ లోపంతో తన థ్రస్టర్లు తానే వెలిగించుకుని కేంద్రాన్ని ఒకటిన్నర చుట్లు తిప్పేసింది. అతికాక వెలగకూడదన్న తాళం పనిచేస్తుందో లేదో తేలాల్సిన చోటు కూడా ఖాళీ లక్ష్యమే.

పది టన్నుల ప్రశ్న

భారతీయ అంతరిక్ష కేంద్రం మొదటి మాడ్యూల్ బాస్-01 బరువు దాదాపు పది టన్నులు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రణాళిక ప్రకారం అది 2028 నాటికి ఎగరాలి, 2035కి ఐదు మాడ్యూళ్లూ పూర్తి కావాలి. స్పేడెక్స్ ఇచ్చిన ధైర్యం దీనికి ఎంతవరకు సరిపోతుందో చిన్న లెక్క వేద్దాం. తాకేటప్పుడు రింగు మింగాల్సిన శక్తి, రెండు వాహనాల ఉమ్మడి బరువు లెక్కతో, వేగం వర్గంతో పెరుగుతుంది. 220 కిలోల జంట సెకనుకు 10 మిల్లీమీటర్ల వేగంతో తాకితే 0.0055 జౌళ్లు. పది టన్నుల జంట అదే వేగంతో తాకితే 0.25 జౌళ్లు, 45 రెట్లు. సెకనుకు 100 మిల్లీమీటర్లతో తాకితే 25 జౌళ్లు, అంటే స్పేడెక్స్‌కి సుమారు 4,500 రెట్లు. దానికి తోడు ట్యాంకుల్లో ద్రవం ఊగుతుంది, పొడుగాటి సౌరరెక్కలు వణుకుతాయి, ఆ వణుకు దిశానియంత్రణను తికమక పెడుతుంది. మనుషులు దాటి వెళ్లే గుమ్మం కావాలంటే రింగు 450 మిల్లీమీటర్లతో సరిపోదు, దాని చుట్టూ గాలి కారని సీలు కూడా కావాలి. స్పేడెక్స్‌లో మనుషులు దాటే గుమ్మం లేదు, దాని చుట్టూ సీలూ లేదు.

ఒక విషయంలో మాత్రం చిన్నదే కష్టం. తేలికపాటి ఉపగ్రహం థ్రస్టరు చిన్నగా తుమ్మినా పక్కకు జరిగిపోతుంది, పెద్ద మాడ్యూల్ అంత తొందరగా చలించదు. కాబట్టి దారి చూసుకోవడం, సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ వరకు స్పేడెక్స్ పాఠాలు చాలావరకు చెల్లుతాయి. తాకిడి, సీలు, బిగింపు వరకు చెల్లవు. ద్రవ బదిలీ, నీటి శుద్ధి వేరే జాబితా. మొదటి మాడ్యూల్ ఒంటరిగా తిరిగేటప్పుడు అవి లేకపోయినా కొంతకాలం నెట్టుకు రావచ్చు, వాటికి సమయం ఉంది. 2028 గడువులోపు కక్ష్యలో ఒకే ఒక్క పెద్ద పరీక్షకు రాకెట్ దొరికితే, దాన్ని పూర్తి కొలత రింగుతో, సీలుతో, బరువైన ఖాళీ లక్ష్యం మీద డాకింగ్‌కే కేటాయించాలి. అతికాక లోపల గాలి నింపి, రెండు మూడు నెలలు పగలూ రాత్రీ తిరగనిచ్చి, రోజుకు ఎన్ని గ్రాముల గాలి కారుతోందో కొలుస్తూ పోవాలి.